రోడ్డు సైకిలు టైరు కొనేవారికి ఇంకొంచెం వివరం కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

కొత్తగా రోడ్డు సైకిలు కొనుక్కునేవారి కోసం మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఫ్రేము కొలత, గేర్లు, బ్రేకులు, హెల్మెట్ గురించి వ్యాసకర్త ఓపికగా, చాలావరకు సరిగ్గానే వివరించారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పంక్చర్ ప్రూఫ్ అని రాసి ఉన్నవి కొనుక్కుంటే ఇక చింత ఉండదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎన్నో ఏళ్లుగా సైకిలు మీద దూర ప్రయాణాలు చేస్తున్న నాకు తెలిసినంతలో, గాలి నింపే టైరు ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పంక్చరు కావలసిందే. ఒక టైరు వేటిని ఆపగలదు, వేటిని ఆపలేదు, ఆపినందుకు బదులుగా మన దగ్గర ఏం తీసుకుంటుంది అన్న మూడు సంగతులు తెలిసినప్పుడే కొనుగోలుదారు సరైన టైరును ఎంచుకోగలడు. పెట్టె మీది ఆ రెండు మాటలు ఈ మూడింటిలో ఒక్కదానికీ సమాధానం చెప్పవు.

పంక్చరు బాధ గాలి టైరుతోపాటే పుట్టింది. పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం తయారుచేసిన గాలి టైరుకు 1888లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తొలి టైర్లను రిమ్ముకు అంటించేసేవారు కాబట్టి, చిన్న రంధ్రం పడినా విప్పి బాగుచేసి మళ్లీ అంటించడానికి గంటలకొద్దీ సమయం పట్టేది, ఆ జిగురు ఆరడానికి ఒక రాత్రి వదిలేయవలసి వచ్చేది. ఈ అవస్థను దగ్గరగా చూసిన ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు 1891లో చేతితో ఊడదీసి మళ్లీ తొడగగలిగే టైరును తెచ్చారు. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ వరకు వెళ్లి తిరిగి రావలసిన దాదాపు 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరోఁ అనే సైక్లిస్టు ఆ టైర్లతోనే గెలిచాడు. ఈ చరిత్రను గుర్తుచేయడానికి కారణం ఉంది. పంక్చరును పూర్తిగా లేకుండా చేయగలమని ఆ సోదరులు అనుకోలేదు, అయినప్పుడు త్వరగా బాగుచేసుకునే వీలు కల్పించారు. టైరు ఎంపికలో ఆ దృష్టి ఈనాటికీ అవసరమేనని నా అభిప్రాయం. ఎంత గట్టి టైరైనా, దారి మధ్యలో చేతులతో రిమ్ము మీదికి ఎక్కించలేనంత బిగుతుగా ఉంటే దాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ముందుగా పంక్చర్లన్నీ ఒక్క రకం కావని పాఠకులకు తెలియాలి. నేల మీది ముల్లు, గాజు పెంకు, మేకు, తీగముక్క టైరు మధ్య భాగంలో దిగడం ఒక రకం. గుంత అంచుకో, రాయికో చక్రం బలంగా తగిలినప్పుడు రిమ్ముకూ నేలకూ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు గాట్లు పడడం ఇంకొక రకం. ఆ రెండు గాట్లను చూసే సైక్లిస్టులు దాన్ని పాముకాటు అంటారు. పదునైన రాయి టైరు పక్క భాగాన్ని కోసేయడం మూడో రకం. ఇవి కాక, రిమ్ములోపలి టేపు జరిగిపోయి చువ్వల రంధ్రపు అంచు ట్యూబును లోపలి వైపు నుంచి తినేయడం, టైరు ఎక్కించేటప్పుడు లీవరు, అంటే టైరును ఎత్తే పుల్ల కింద ట్యూబు నలగడం, వాల్వు మొదట్లో చిరగడం వంటివీ ఉన్నాయి. టైరులో వేసే రక్షణ పట్టీ వీటిలో మొదటి రకాన్ని మాత్రమే ఆపుతుంది. పాముకాటును అది ఆపలేదు. రిమ్ టేపు చేసే హానితో దానికి సంబంధమే లేదు. కాబట్టి టైరు మార్చడానికి ముందు పాత ట్యూబును నీటిలో ముంచి, బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో, రంధ్రం ఏ ఆకారంలో ఉందో, నేల వైపు ఉందా రిమ్ము వైపు ఉందా అన్నది చూసుకోవడం ఎంతో అవసరం. రిమ్ము వైపు రంధ్రాలు పడుతున్న మనిషి ఎంత ఖరీదైన గట్టి టైరు కొన్నా, వాటిని ఆపేది కొత్త రిమ్ టేపు మాత్రమే.

ఇక రక్షణ పట్టీ విషయానికి వస్తాను, ఎందుకంటే పెట్టెల మీద ప్రగల్భాలన్నీ దాని గురించే ఉంటాయి. స్థూలంగా చూస్తే ఇందులో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, గట్టి దారాలతో నేసిన పలుచటి పట్టీని నేలకు ఆనే రబ్బరు కింద పరచడం. కెవ్లార్, వెక్ట్రాన్ వంటి దారాలను దీనికి వాడతారు. కెవ్లార్ సంగతి ఇక్కడ చెప్పుకోదగినది. డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ 1965లో దాన్ని కనుగొన్నప్పుడు ఆమె బృందం వెతుకుతున్నది తేలికైన, బలమైన టైర్లకు పనికివచ్చే దారం కోసమే. వెక్ట్రాన్ దారం 1997లో కుజగ్రహం మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకను కాపాడిన గాలి సంచులలోనూ ఉంది. ఇంత బలమైన దారాలైనా టైరులోకి వచ్చేసరికి వాటికొక హద్దు ఉంది. గాజు పెంకు వంటి కోసే వస్తువును అవి బాగా అడ్డుకుంటాయి, సూది వంటి సన్నని మొన మాత్రం దారాన్ని తెంచకుండానే రెండు దారాల మధ్య నుంచి జారి లోపలికి వెళ్లిపోగలదు. భారీ వాహనాల టైర్లు చిరిగినప్పుడు వాటిలోని ఉక్కు తీగలు తెగి రోడ్ల మీద రాలుతుంటాయి. వెంట్రుక కన్నా కొంచెమే లావుగా ఉండే ఆ తీగముక్కలే రోడ్డు సైకిళ్లకు అన్నిటికన్నా మొండి శత్రువులు.

రెండో పద్ధతిలో బలాన్ని కాక మందాన్ని నమ్ముకుంటారు. ష్వాల్బే సంస్థ మారథాన్ ప్లస్ టైరులో నేల రబ్బరు కింద 5 మిల్లీమీటర్ల వరకు మందం ఉన్న సాగే రబ్బరు పొర ఉంటుంది. డ్రాయింగ్ పిన్ను గుచ్చుకున్నా దాని మొన ఆ పొర దాటి ట్యూబును చేరదు. పల్లేరు కాయలు దట్టంగా రాలే దారుల్లో, తీగముక్కలు ఎక్కువగా ఉండే రహదారుల అంచుల్లో ఈ మందమే అసలైన కాపు. అయితే దానికి మనం ఇచ్చుకునేది తక్కువేమీ కాదు. టైరు దొర్లుతున్నప్పుడు నేలకు ఆనిన చోట రబ్బరు నొక్కుకుపోయి, వదలగానే తిరిగి లేస్తుంది. నొక్కడానికి మన కాళ్లు ఖర్చుపెట్టిన శక్తి మొత్తం తిరిగి రాదు, కొంత వేడిగా మారి పోతుంది. రబ్బరు ఎంత మందంగా ఉంటే ఆ నష్టం అంత ఎక్కువ. పలుచటి పందెపు టైరు నుంచి ఇలాంటి మందపాటి టైరుకు మారిన వ్యక్తికి మొదటి కిలోమీటరులోనే ఆ బరువూ ఆ మొండితనమూ తెలిసివస్తాయి. రోజూ ఉద్యోగానికి సైకిలు మీద వెళుతూ ఆలస్యం కాకూడదనుకునేవారికి ఆ ఖర్చు సమంజసమే. సెలవు రోజున వంద కిలోమీటర్లు తొక్కాలనుకునే వ్యక్తి మాత్రం అలాంటి టైరుతో మోకాళ్లు పట్టేసి, సైకిలు మీదే విసుగు తెచ్చుకోవచ్చు.

ఈ రెండింటి మధ్య ఉన్న టైర్లే చాలామంది రోడ్డు సైక్లిస్టులకు సరిపోతాయని నా అనుభవం. కాంటినెంటల్ సంస్థ గ్రాండ్ ప్రీ 4-సీజన్‌లో వెక్ట్రాన్ పట్టీ రెండు పొరలుగా ఉండడమే కాక, పక్క భాగాల మీద కూడా డ్యూరాస్కిన్ అనే వల వంటి బట్ట ఉంటుంది. అదే సంస్థ గేటర్‌స్కిన్ కూడా పక్క భాగాలకు అటువంటి కాపు ఉన్నదే. కొనేవారు ఎక్కువగా పట్టించుకోనిది ఈ పక్క భాగాన్నే. నేలకు ఆనే చోట ఎంత మంచి పట్టీ ఉన్నా, పక్క భాగం కాగితంలా పలుచగా ఉంటే కంకర తేలిన రోడ్డు మీద ఒక పదునైన రాయి చాలు టైరు పనికిరాకుండా పోవడానికి. ముల్లు గుచ్చుకున్న టైరులో ట్యూబుకు ప్యాచీ వేసుకుని ఇంటికి రావచ్చు. పక్కన కోసుకుపోయిన టైరు నుంచి ట్యూబు బుడగలా బయటికి ఉబుకుతుంది, అప్పుడు లోపలి వైపు పాత టైరు ముక్క ఒకటి అడ్డుపెట్టి మెల్లగా నడిపించుకు రావడం తప్ప మార్గం లేదు. అందుకే దూరం వెళ్లినప్పుడల్లా అరచేతి పొడవు పాత టైరు ముక్కను నా సంచిలో ఉంచుకుంటాను.

దారాల లెక్క గురించి కూడా ఒక అపోహ ఉంది. రక్షణ పట్టీలో కాక టైరు ఒంటిని నేసిన బట్టలో అంగుళానికి ఎన్ని దారాలు ఉన్నాయో తెలిపే టీపీఐ అనే అంకె ఎక్కువగా ఉంటే టైరు అంత గట్టిదని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ అంకె పెరిగేకొద్దీ దారాలు సన్నబడతాయి, టైరు మెత్తగా, హాయిగా దొర్లుతుంది, కోతలకు మాత్రం తేలిగ్గా లొంగుతుంది. 60 టీపీఐ ఉన్న టైరు మోటుగా అనిపించినా రాపిడిని ఎక్కువకాలం ఓర్చుకుంటుంది. పైగా కొన్ని సంస్థలు ఒక పొరలోని దారాలను లెక్కిస్తే, మరికొన్ని మూడు పొరలలోని దారాలను కలిపి 330 అని వేస్తాయి. అంటే పొరకు 110 మాత్రమే. లెక్కించే పద్ధతి ఒకటి కానప్పుడు ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

ఇంతకుమించి నేను నొక్కి చెప్పదలచుకున్నది టైరు వెడల్పు గురించి, గాలి ఒత్తిడి గురించి. పట్టీ కోసం డబ్బు పోసే ముందు ఈ రెండింటినీ సరిచూసుకుంటే సగం బాధ అక్కడే తీరుతుందని నా గట్టి నమ్మకం. టైరు మీద ఉండే 25-622, 28-622, 32-622 వంటి అంకెలలో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది టైరు కూర్చునే రిమ్ము వ్యాసం. టైరులోని గాలి పరిమాణం వెడల్పుతో సమానంగా కాక అంతకంటే వేగంగా పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల టైరుకన్నా 32 మిల్లీమీటర్ల టైరులో దాదాపు 60 శాతం ఎక్కువ గాలి పడుతుంది. అంత గాలి ఉన్నప్పుడు తక్కువ ఒత్తిడితోనే మనిషి బరువు మోయవచ్చు. ఒత్తిడి తగ్గితే టైరు గట్టి రాయిలా ఢీకొనడానికి బదులు చిన్న పెంకుల మీదుగా వంగి పోతుంది, గాజు ముక్కలోని మొన లోపలికి దిగే బలం తగ్గుతుంది. రిమ్ముకూ నేలకూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి పాముకాటు భయం కూడా తగ్గుతుంది. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లే వేగమని నమ్మిన వృత్తి పందెగాళ్లు కూడా 25కూ, ఆ తరువాత 28కీ, ఇంకా పైకీ మారిపోయారు. మామూలు రోడ్ల మీద తిరిగే మనం వారికన్నా సన్నని టైరు పట్టుకుని వేలాడవలసిన అవసరం నాకు కనిపించదు. ఫ్రేముకూ ఫోర్కుకూ బ్రేకులకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచి, అందులో పట్టే అత్యంత వెడల్పైన టైరును ఎంచుకోమనే నా స్నేహితులకు చెబుతాను. బురద, కంకర ఇరుక్కోకుండా ప్రతి వైపూ కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, అది మరువకూడదు.

ఒత్తిడి విషయంలో టైరు పక్కన అచ్చువేసిన అంకెను చూసి అంతవరకు నింపేయడం చాలామందికి అలవాటు. ఆ అంకె దాటకూడని గరిష్ఠం, నింపవలసిన మోతాదు కాదు. 70 కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల టైరులో 85 నుంచి 90 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో చెప్పే ఒత్తిడి) దరిదాపుల్లోనూ, 32 మిల్లీమీటర్ల టైరులో 60 దరిదాపుల్లోనూ సరిపోతుంది. బరువు, రోడ్డు తీరును బట్టి కొంచెం అటూ ఇటూ సర్దుకోవాలి. వెనుక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి ముందుదానిలో ఇంకాస్త తక్కువ ఉండాలి. లోపలి వైపు కొక్కెపు అంచు లేని కొత్త తరహా రిమ్ములకు 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్ఐ మించకూడదన్న నియమం ఉంది, దాన్ని మీరితే టైరు ఊడిపోయే ప్రమాదం ఉంది. ఇంకొకటి, మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు కూడా రోజురోజుకూ కొంచెం కొంచెంగా గాలి వదులుతుంది. వారాల తరబడి గాలి చూడకుండా తొక్కి, గుంతలో పడి పాముకాటు పడితే తప్పంతా టైరుదే అనుకునేవారిని నేను ఎందరినో చూశాను. మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉంచుకుని వారానికి ఒకసారైనా ఒత్తిడి చూసుకునే మనిషికి, సాధారణమైన టైరు కూడా ఎంతో కాలం నమ్మకంగా పనిచేస్తుంది.

ట్యూబు లేని టైర్ల గురించి మీ వ్యాసంలో ప్రస్తావన లేదు. ఇందులో టైరు లోపల పోసిన పాల వంటి ద్రవం చిన్న రంధ్రం పడగానే అక్కడికి చేరి గడ్డకట్టి మూసేస్తుంది. సన్నని తీగ, ముల్లు వంటి వాటికి ఇది నిజంగా మంచి మందు, ట్యూబు లేదు కాబట్టి పాముకాటు బెడదా ఉండదు. కాని ఆ ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది, గుర్తుపెట్టుకుని మళ్లీ పోయాలి. పెద్ద కోత పడితే అది మూయలేదు, అప్పుడు ఆ జిగటలో చేతులు పెట్టి మామూలు ట్యూబు ఎక్కించుకోక తప్పదు. ఆ నిర్వహణకు ఓపిక ఉన్నవారికి నేను దాన్ని సంతోషంగా సూచిస్తాను, లేనివారికి సూచించను. గాలే అవసరం లేని గట్టి రబ్బరు టైర్ల మాటకు వస్తే, అవి దొర్లడానికి బరువు, కూర్చోవడానికి నరకం. రోడ్డు సైకిలుకు అవి తగవని స్పష్టంగా చెప్పాలి.

మన్నికకు పైరబ్బరు నాణ్యత కూడా ముఖ్యం. నల్లటి టైర్లలోని కార్బన్ బ్లాక్ అరుగుదలను తగ్గిస్తుంది, అది లేని రంగురంగుల పైరబ్బరు సాధారణంగా త్వరగా అరుగుతుంది. నున్నటి టైరు తడి రోడ్డు మీద జారుతుందన్న భయం కార్ల నుంచి వచ్చినది. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీటిని తానే పక్కకు తోసేస్తుంది, సైకిలు అందుకునే వేగాల్లో నీటి మీద తేలిపోయే ప్రమాదం లేదు. లోతైన గాడులు రోడ్డు మీద చేసే మేలు లేకపోగా, గాజు పెంకులు ఇరుక్కోవడానికి తావిస్తాయి. వాన రోజున పంక్చర్లు ఎక్కువ కావడానికి కారణం వేరు. నీరు పెంకులను రోడ్డు అంచులకు కొట్టుకువస్తుంది, తడిసిన రబ్బరును గాజు సులభంగా కోస్తుంది.

ఒక అనుభవం చెప్పకుండా ఉండలేను. ఒక వాన రోజున నా వెనుక చక్రం ఒకే ప్రయాణంలో మూడుసార్లు గాలి దిగిపోయింది. రెండుసార్లూ కొత్త ట్యూబు వేసి, టైరు లోపల చేత్తో తడిమి, ఏమీ తగలలేదని ముందుకు సాగాను. మూడోసారి చీకటి పడింది, చేతిలో ట్యూబు లేదు. ఆ రాత్రి చాలా దూరం సైకిలును నడిపించుకుంటూ రావలసి వచ్చింది. మరునాడు వెలుతురులో టైరును లోపలి నుంచి బయటికి మడిచి చూస్తే, నొక్కినప్పుడు మాత్రమే మొన బయటపెట్టే సన్నని ఉక్కు తీగ ఒకటి పట్టీలో కూరుకుపోయి ఉంది. అప్పటి నుంచి టైరు మీది పేరును ఎప్పుడూ సరిగ్గా వాల్వు దగ్గరే వచ్చేటట్టు ఎక్కిస్తున్నాను. ట్యూబులో రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో కొలిస్తే టైరులో ఎక్కడ వెతకాలో అదే చూపిస్తుంది. లోపల వేలితో కాక చిన్న దూది ఉండతోనో పలుచటి గుడ్డతోనో తుడుస్తాను. వేలికి తగలని తీగ దూదిని పట్టుకుంటుంది, వేలు తెగే భయమూ ఉండదు.

వెనుక టైరు ముందుదానికన్నా చాలా వేగంగా అరుగుతుంది. అరిగాక కొత్తదాన్ని నేరుగా వెనుక వేయడం కన్నా, ముందున్న దాన్ని వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేయడం మంచిది, ఎందుకంటే ముందు చక్రం హఠాత్తుగా పేలితే సైకిలును అదుపులో ఉంచడం కష్టం. టైరు మధ్యలో చదునుగా పలక తేలినా, దారాలు బయటపడినా, అరుగుదల చూపే చిన్న గుంటలు మాయమైనా ఇక దాన్ని వాడకూడదు. ఎక్కువకాలం ఎండలో నిలబెట్టిన సైకిలుకు టైరు అరగకపోయినా పక్కలు బీటలు వారతాయి, వాటినీ మార్చాలి.

ఇప్పుడు మీకొక విన్నపం. పంక్చరును ఎంత బాగా తట్టుకుంటుందో కొలిచి, అన్ని సంస్థల సైకిలు టైర్ల మీద ఒకే పద్ధతిలో ముద్రించే ఉమ్మడి ప్రమాణం ఇంతవరకు లేదు. ప్రతి సంస్థా తన టైర్లను తన మెట్ల మీదే నిలబెట్టుకుంటుంది, ఒకరి ఐదో మెట్టు మరొకరి ఐదో మెట్టుతో సమానం కాదు. ఇలాంటప్పుడు కొనుగోలుదారుకు దిక్కు పత్రికలే. ఆ వ్యాసానికి తరువాయి భాగం వేసే ఆలోచన ఉంటే, దయచేసి టైర్లకు ఒక పేజీ కేటాయించండి. పరిచయం చేసే ప్రతి టైరుకూ దాని వెడల్పు, బరువు, నేల భాగంలో ఉన్న పట్టీ ఏ రకానిది, పక్క భాగానికి కాపు ఉందా లేదా, గరిష్ఠ ఒత్తిడి ఎంత, చేతులతో ఎక్కించడం ఎంత కష్టం అన్న ఆరు వివరాలను తప్పకుండా ఇవ్వండి. పంక్చర్ ప్రూఫ్ అనే మాటను మాత్రం, తయారీదారు రాసినా సరే, మీ సొంత వాక్యంగా ముద్రించవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుల్లో ఒక సైక్లిస్టు